చెలక నేలలో గులాబీ

జనగామలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు గేటు పక్కన రెండడుగుల మన్ను వదులుతారు. గృహప్రవేశం అయిన వారానికి అందులో ఒక గులాబీ ఉంటుంది. వచ్చే మృగశిర నాటికి చాలా ఇళ్లలో ఆ గులాబీ ఉండదు. ఎందుకు పోయిందని అడగడానికి ఆడపిల్లలు మా వాకిట్లోకి వస్తుంటారు. మొన్న మా వీధి చివరింటి కోడలుపిల్ల, "నోటితో చెప్తే మర్చిపోతున్న పెద్దమ్మా, కాయితం మీద రాసియ్యరాదూ" అంది. ఆమె కోసం మొదలుపెట్టిన కాయితమే ఇది.

మనది చెలక నేల. పైన కాస్త ఎర్రమన్ను, గడ్డపార దింపితే మొరం. వాన ఒక ఏడు వస్తే రెండేళ్లు ముఖం చాటేస్తుంది. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు. తంగేడుకు ఈ నేల పుట్టిల్లు, గులాబీకి అత్తిల్లు. ఆ తేడా తెలుసుకుని మొక్కను ఎంచుకుంటే చాకిరీ సగం తగ్గుతుంది. తెలియక నేను చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు.

1. పువ్వును చూసి మొక్కను కొనకండి.

కార్తీక మాసంలో కడియం నుంచి మొక్కల వ్యాన్లు వస్తాయి. చలి మొదలవుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, ప్రతి మొక్కకూ పిడికెడంత పువ్వు ఒకటి ఉంటుంది. ఆ పూట చూస్తే అన్నీ గొప్ప మొక్కలే. పొడవాటి కాడకు ఒకే పెద్ద పువ్వు పూసే రకాలను హైబ్రిడ్ టీ అంటారు. 1867లో ఫ్రాన్సులో గియో అనే ఆయన పెంచిన లా ఫ్రాన్స్‌ను వాటికి ఆదిగా చెబుతారు. ఆ వంశం పెరిగింది చల్లని దేశాల్లో. అక్కడ చలికాలమంతా మొక్క ఆకు రాల్చి నిద్రపోతుంది, వేసవిలో పూస్తుంది. మన దగ్గర అది తలకిందులు. చలికాలమే దానికి పండుగ, ఎండాకాలం కష్టకాలం. పుట్టుకలో ఉన్న ఆ అలవాటు మనం నీళ్లు పోసినంత మాత్రాన మారదు.

ఏప్రిల్‌లో ఇదే మొక్కను చూడండి. పిడికెడు పువ్వు రూపాయి బిళ్లంత అవుతుంది. పొద్దున విచ్చుకున్నది మధ్యాహ్నానికి వాడుతుంది. ముదురు ఎరుపు రకమైతే రేకుల అంచులు కాలిన కాయితంలా నల్లబడతాయి, ముదురు రంగు వేడిని ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి. నేను ఎంతోకాలం నల్ల గులాబీ, నల్ల గులాబీ అని వెంటపడ్డాను. మా వాకిట్లో ఒక్కటీ రెండో వేసవి చూడలేదు.

కొనాలనుకుంటే కార్తీకంలో వ్యాను దగ్గరకు వెళ్లకండి. మే నెలాఖరులో, రోహిణి కార్తెలో, సాయంత్రం నాలుగింటికి మీ వీధుల్లో నడవండి. ఎవరి గోడ పక్కన ఏ గులాబీ ఆకు రాల్చకుండా నిలబడిందో గుర్తుపెట్టుకోండి. ఆ ఇల్లాలిని అడిగి దాని పేరు తెలుసుకోండి. పేరు తెలియదంటే కొమ్మ అడగండి.

2. వేరు ఎవరిదో అడగండి.

నర్సరీ గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలు. పువ్వు ఒక రకానిది, వేరు ఇంకొక రకానిది. ఏదో మొండి గులాబీ కాండం మీద కన్ను కట్టి, అది మొలిచాక పై భాగం కోసేస్తారు. మొదట్లో ఇందులో వంచన ఏమీ లేదు. నాజూకు రకానికి గట్టి వేరు ఇవ్వడానికి చేసిన మంచి ఉపాయం. అయితే ఆ వేరు మన నేలకు సరిపోవాలి. ముళ్లులేని మల్టీఫ్లోరా వేరు సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పు నీళ్లలో తొందరగా నీరసపడుతుంది. ఉత్తరాదిలో ఎక్కువగా వాడే ముళ్ల ఇండికా వేరు అలాంటి చోట బాగా ఓర్చుకుంటుంది. మన బోరు నీళ్లు ఎలాంటివో కింద చెబుతాను.

రెండో చిక్కు పిలకలు. ఎండదెబ్బకు పైనున్న అంటు కొమ్మ ఎండిపోతుంది, తొలకరికి అడుగు నుంచి ఏపుగా కొత్త కొమ్మ లేస్తుంది. బతికిందని సంబరపడతాం. అది వేరు తాలూకు అడవి కొమ్మ. మా పక్కింటి వదిన పసుపు గులాబీకి అలాగే జరిగింది. ఏడాది తిరిగేసరికి ఇంత పొడవు తీగలు వేసి, గుత్తులుగా చిన్న తెల్లపూలు పూసింది. నర్సరీవాడు మోసం చేశాడని ఆమె చాలాకాలం తిట్టింది. ఆకులు లెక్కపెట్టి, ఐదుంటే మంచిది ఏడుంటే అడవిది అని చెబుతారు, అది అన్నిసార్లూ నిజం కాదు. మంచి రకాల్లోనూ ఏడేసి ఆకులు వస్తాయి. నమ్మదగిన గుర్తు ఒక్కటే, కొమ్మ అంటు ముడికి పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా అన్నది. కిందనుంచి వస్తే మన్ను తవ్వి, మొదలుకంటా లాగేయాలి. కత్తిరిస్తే ఒకటికి నాలుగు వస్తాయి.

కొమ్మ గుచ్చితే బతికిన మొక్కకు ఈ బాధ లేదు. పైనంతా మాడిపోయినా, వేరు నుంచి లేచేది అదే గులాబీ. తక్కువ చాకిరీ కావాలంటే నా మొదటి ఓటు సొంత వేరు మొక్కకే.

3. పాత మొక్కను పీకేముందు అది ఎన్ని కరువులు చూసిందో లెక్కపెట్టండి.

మా అత్తమ్మ చేతి నాటు గులాబీ ఒకటి స్నానాల బండ పక్కన ఉండేది. లేత గులాబీ రంగు, వదులు రేకులు, కోసిన గంటకే రాలడం మొదలు. వాసన మాత్రం వాకిలి దాటేది. దానికి ఎవరూ ఎరువు వేయలేదు, మందు కొట్టలేదు, పనిగట్టుకుని నీళ్లు పోయలేదు. చెరువులో మన్ను తేలిన ఏడు కూడా అది పూసింది. ఇల్లు బాగుచేయించినప్పుడు దాన్ని తీసేసి, ఆ చోట హైబ్రిడ్ మొక్కలు వరసగా పెట్టించాను. అత్తమ్మ ఏమీ అనలేదు. ఒక పువ్వు తీసి, వాసన చూసి, "దీనికి వాసనెందుకు లేదే" అని మాత్రం అడిగింది. ఆ మాటకు అప్పుడు నవ్వాను.

ఆ నాటు గులాబీ అంటే ఏమిటో తెలుసుకోవాలన్న బుద్ధి అది పోయాకే పుట్టింది. మన ఇళ్లలో నాటు గులాబీ అని పిలిచేవన్నీ ఒక్కటి కావు. చాలావాటిలో ఉన్నది చైనా గులాబీ రక్తం. ఐరోపా పాత గులాబీలు దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారే పూసేవి. చైనా గులాబీకి ఆ లెక్క లేదు. చలి పడనవసరం లేదు, నిద్ర అక్కరలేదు, కొత్త కొమ్మ లేస్తే చివర మొగ్గ ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర అవి ఓడలెక్కి, కలకత్తా తోట మీదుగా ఐరోపా చేరాయి. ఫ్రెంచివాళ్లు వాటిని బెంగాల్ గులాబీలనే పిలిచారు. ఇవాళ ఏడాదంతా పూసే ఏ గులాబీలోనైనా ఆ చైనా అంశ ఉంటుంది. ఎండను ఓర్చే గుణమూ ఎక్కువగా అటునుంచి వచ్చిందే.

హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అనే ద్వీపాన్ని అప్పట్లో బోర్బన్ ద్వీపం అనేవారు. అక్కడి రైతులు చేనుకు కంచెగా గులాబీలు వేసేవారు. ఆ కంచెల్లో చైనా గులాబీ, దమాస్కు గులాబీ పక్కపక్కనే పెరిగి, ఎవరూ పూనుకోకుండానే కలిసి ఒక కొత్త మొక్క పుట్టింది. దాని పేరు ఎడ్వర్డ్. వాసన దమాస్కుది, పూత, ఓర్పు చైనాది. అది మన దేశానికి వచ్చి, ఇక్కడిదే అయిపోయింది. తమిళ రైతులు దాన్నే పన్నీరు గులాబీ అంటారు. దండలకూ పూజకూ ఇప్పటికీ ఎకరాలకు ఎకరాలు వేస్తారు. నర్సరీలవాళ్లు అంటు కట్టడానికి వేరుగానూ వాడతారు. అంటే మనం డబ్బు పెట్టి కొన్న నాజూకు గులాబీ కింద ఒక్కోసారి ఈ పాతదే నిలబడి మోస్తూ ఉంటుంది. తమిళనాట విడిపూల కోసం వేసే ఇంకొక ఎర్ర రకం పేరు ఆంధ్రా రెడ్. మన పేరు పెట్టుకున్న గులాబీ మన ఊళ్లో అడిగితే దొరకదు, చెన్నై బస్సెక్కాలి!

ఒక జాగ్రత్త. పన్నీరు గులాబీ అని చెప్పి దమాస్కు గులాబీని అంటగట్టేవాళ్లు ఉంటారు. అత్తరు కోసం కన్నౌజ్ వైపు, పుష్కర్ వైపు వేసేది అది. ఏడాదికి ఒకసారే, చలి పోయి ఎండ మొదలయ్యే కాలంలో పూస్తుంది. ఆ కొద్ది వారాలు తప్ప మిగతా ఏడంతా ముళ్లపొదను చూస్తూ కూర్చోవాలి. జనగామ చలి దానికి చాలదు.

4. సాయంత్రపు ఎండను తప్పించండి.

గులాబీకి ఎండ కావాలన్న మాట పుస్తకాల్లో చదివి, దక్షిణం గోడకు ఆనించి పెట్టేవాళ్లున్నారు. ఆరు గంటల ఎండ కావాలి, నిజమే. ఆ ఆరు గంటలూ పొద్దుటివి కావాలి. తూర్పు వాకిలి, మధ్యాహ్నం మూడు తర్వాత ఇంటి నీడ పడే చోటు మంచిది. వేప కింద వద్దు. నీడ కన్నా వేప వేళ్ల దాహం ఎక్కువ. పైగా తొలకరి పడగానే వేప చెట్టు మీదికి వచ్చే పెంకు పురుగులు రాత్రికి రాత్రి గులాబీ ఆకును జల్లెడ చేస్తాయి.

డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీల్లో గులాబీ పెంచుదామనుకునే కొత్త జంటలకు ఒక మాట. మే నెల మధ్యాహ్నం ఆ కుండీ మీద చెయ్యి వేసి చూడండి. మీ చెయ్యి క్షణం నిలవని చోట వేరు రోజంతా ఉండాలి. నేలలో అయితే జానెడు లోతుకు వెళ్లేసరికి మన్ను చల్లబడుతుంది. కుండీ తప్పదంటే మట్టి కుండీ, తెల్లసున్నం పూత, మార్చి నుంచి జూన్ దాకా నీడ.

పాదు మీద వరిగడ్డో, పల్లీల పొట్టో నాలుగు వేళ్ల మందం కప్పండి. కాండానికి తాకకుండా బెత్తెడు దూరం వదలండి. చెలకలో చెదలు ఎక్కువ, గడ్డి కాండానికి ఆనితే వాటికి దారి వేసినట్టే. పచ్చి పెంట వేసినా అవే వస్తాయి. చివికి, చేతిలో పొడిగా రాలే పెంటే వేయాలి.

5. పోసే నీళ్లు ఎక్కడివో చూసుకోండి.

మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. బకెట్లకు కడుతుంది, కుళాయికి కడుతుంది. అదే పొర గులాబీ పాదులోనూ ఏటా పేరుకుంటుంది. అప్పుడు మన్నులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త ఆకు పసుపుపచ్చగా వస్తుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. నీళ్లు చాలక అనుకుని ఇంకా పోస్తాం, సున్నం ఇంకా పెరుగుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద పిచికారీ చేస్తే రంగు తిరుగుతుంది. అది తాత్కాలికం. అసలు మందు వాననీళ్లు. డాబా నీళ్లు పడే గొట్టాన్ని గులాబీ పాదులోకి తిప్పండి, ఒక్క మంచి వాన పాదులోని ఉప్పును కడిగేస్తుంది.

ఈమధ్య ఒక కొత్త పొరపాటు చూస్తున్నాను. మన వైపు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుందని ఇంటింటా శుద్ధి యంత్రాలు పెట్టుకున్నారు. అది బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు గొట్టం పెడుతున్నారు. ఆలోచన మంచిదే, కానీ యంత్రం తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంది. వాటితో గచ్చు కడగండి, బండి కడగండి. గులాబీకి వద్దు. సబ్బు నీళ్లు కూడా వద్దు. అత్తమ్మ కాలంలో స్నానాల బండ పక్కన మొక్క బతికిందంటే ఆనాడు ఒంటికి సున్నిపిండి, బోళ్లకు బూడిద. ఇప్పటి సబ్బు పొడి వేరు.

నాటిన మొదటి ఏడు తర్వాత రోజూ నీళ్లు మానేయండి. వేసవిలో మూడు నాలుగు రోజులకోసారి, పాదు నిండా, లోతుకు దిగేలా పోయాలి. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. బోరు ఎండిన వారంలో మొదట పోయేవి అలా గారాబంగా పెరిగినవే.

6. కత్తెర దసరా తర్వాతే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నాకు తీరిక వేసవి సెలవుల్లోనే దొరికేది. గులాబీ పనులన్నీ అప్పుడే పెట్టుకునేదాన్ని. మార్చి చివర కొమ్మలు కత్తిరించి, ఏప్రిల్‌లో యూరియా వేసి, మొక్క చిగురు వేస్తుంటే మురిసేదాన్ని. ఆ లేతచిగురును ఎండ మాడ్చేది, మిగిలినదాన్ని తామర పురుగు, ఎర్రనల్లి పంచుకునేవి. కోసిన కొమ్మ చివర నల్లబడి, ఆ నలుపు రోజుకింత కిందికి దిగి, కొమ్మ కొమ్మంతా ఎండిపోయేది. దానికి కొమ్మ ఎండు తెగులు అని పేరుందని తర్వాత తెలిసింది. మొక్కకు తీరిక ఎప్పుడో చూడకుండా నాకు తీరిక ఉన్నప్పుడు చేశాను. ఇది ఒక్క గులాబీ విషయంలోనే చేసిన పని కాదని ఈ వయసులో ఒప్పుకోవడానికి సిగ్గులేదు.

మన దగ్గర సరైన కాలం వానలు వెనకబట్టాక, అక్టోబరులో. ఎండుపుల్లలు, లోపలికి పెరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేయాలి. బయటి వైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కోతకు రాగి మందు ముద్ద పూయాలి. నెలన్నరకు పూత మొదలవుతుంది. అప్పుడే చివికిన పెంట, వేపపిండి. ఫిబ్రవరి దాటితే ఎరువు బంద్. వేసవిలో కత్తెరను తాళం వేసి పెట్టండి. చచ్చిన కొమ్మ కనిపిస్తే తీయడం తప్ప ఇంకేమీ వద్దు. ఆకు దుమ్ముపట్టి, పూత తగ్గి, మొక్క అలిగినట్టు కనిపిస్తుంది. అది దాని విశ్రాంతి, కదిలించకండి.

నాటు గులాబీకి ఇంత శాస్త్రం లేదు. మూడేళ్లకోసారి నడుము దాకా కోసినా ఏమీ అనదు.

7. మందు కొడితేనే బతికే మొక్కను వదులుకోండి.

వానాకాలంలో నల్లమచ్చ, చలిలో బూడిద, ఎండలో నల్లి. ప్రతిదానికీ ఒక సీసా ఉంది. ఆ సీసాలు అమ్మే కొట్టుకు నేను కట్టిన డబ్బుతో ఎన్ని మొక్కలు కొనవచ్చో. పూజకు కోసే పువ్వు మీద, పిల్లలు ముక్కు పెట్టి వాసన చూసే పువ్వు మీద విషం కొట్టడం ఏమిటన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

చిన్నబిడ్డ డాలస్ దగ్గర ఉంటుంది. వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు ఎండ చూసి, ఇంత దూరం వచ్చి మళ్లీ జనగామలోనే దిగామా అనుకున్నాను. నేల కూడా సున్నం ఎక్కువున్న నల్లరేగడి. ఎవరూ పట్టించుకోని రోడ్డు పక్క మళ్లలో గులాబీలు పూస్తున్నాయి. విచారిస్తే తెలిసింది, టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంవాళ్లు ఎర్త్‌కైండ్ అనే పేరుతో ఒక పరీక్ష పెడతారు. నాటేటప్పుడు కంపోస్టు, పైన ఆకుల కప్పు. తర్వాత ఎరువు లేదు, మందు లేదు, ఎండుకొమ్మ తీయడం తప్ప కత్తిరింపు లేదు, నీళ్లు కూడా అంతంతే. ఏళ్ల తరబడి అలా వదిలేసి, నిలిచినవాటికే ఆ ముద్ర వేస్తారు. అందులో నెగ్గిన బెలిండాస్ డ్రీమ్ అనే గులాబీని పుట్టించిన రాబర్ట్ బేసీ గారు వృత్తిరీత్యా లెక్కల ప్రొఫెసరు. ఇంకొకటి మ్యుటబిలిస్, పూటకో రంగు మారుతుంది, పసుపుగా విచ్చి, గులాబీ రంగుకు తిరిగి, ముదురు ఎరుపుతో రాలుతుంది. అది పాత చైనా గులాబీ. జాబితాలో ఆ వంశంవే చాలా ఉన్నాయి. ప్రపంచం చుట్టి వచ్చినా తిరిగి ఆ పాత మొక్క దగ్గరికే చేరాం, చూడండి.

అక్కడి పేర్లు చూసి విత్తనమో కొమ్మో సంచిలో దాచి తేకండి. విమానాశ్రయంలో తీసేసుకుంటారు, తీసుకోవడమే న్యాయం. తేవలసింది ఆ పరీక్ష పద్ధతి. కొత్త మొక్క తెచ్చిన రెండో ఏడు దానికి మందు మానేయండి. ఆ ఏడు దాటితే మీది, దాటకపోతే ఆ చోటు ఇంకొకదానికి ఇవ్వండి.

8. మన ఎండకోసం గులాబీ పుట్టించినవాళ్లను గుర్తుపెట్టుకోండి.

గోధుమకు కుంకుమ తెగులు తట్టుకునే వంగడాలు ఇచ్చిన బి.పి. పాల్ గారు భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్. తీరిక వేళల్లో ఆయన గులాబీలు పెంచారు, డెల్హీ ప్రిన్సెస్, బంజారన్, డాక్టర్ హోమీ భాభా వంటి రకాలు ఇచ్చారు, గులాబీ మీద పుస్తకం రాశారు. ఆయన గుత్తిపూల రకాలు మన దగ్గర పరవాలేదు. పెద్ద పువ్వు రకాలకు మాత్రం ఢిల్లీ చలి కావాలి.

మనకు ఇంకా దగ్గరివాడు ఎం.ఎస్. వీరరాఘవన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారి. 1980లో ఉద్యోగం తానే వదులుకుని, కొడైకెనాల్ వెళ్లి గులాబీల పని పట్టుకున్నారు. ఆయన భార్య గిరిజ గారు సర్వేపల్లి రాధాకృష్ణన్ మనవరాలు. ఇద్దరూ కలిసి వేసిన ప్రశ్న నాకు నచ్చింది. చలిదేశపు గులాబీని ఎండకు అలవాటు చేయడం ఎందుకు, ఎండలో పుట్టిన గులాబీ మన దేశంలోనే లేదా? ఉంది. బెంగాల్, బీహార్ వైపు నీటి ఒడ్డున పెరిగే క్లైనోఫిల్లా ఒకటి, మణిపూర్ కొండల్లో పెద్ద తీగగా పాకే జైగాంటియా ఇంకొకటి. వీటిని తోట గులాబీలతో కలిపి వేడి ప్రాంతాల కోసం కొత్త వంశం మొదలుపెట్టారు. అలా వచ్చిన ఒక తీగ గులాబీ పేరు గోల్డెన్ త్రెషోల్డ్, సరోజినీ నాయుడు కవితల పుస్తకం పేరూ హైదరాబాదులో ఆమె ఇంటి పేరూ అదే. ముళ్లు లేని గులాబీకి అహింస అని పేరు పెట్టారు. శాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరునా ఒకటుంది.

ఈ మొక్కలు మన వ్యాన్లలో రావు. పువ్వును చూసి కొనే మనవాళ్లకోసం వ్యాను పువ్వునే తెస్తుంది. నలుగురు పేరు పెట్టి అడిగితే ఐదో ఏటికైనా తెస్తారన్న ఆశ నాకుంది. అందుకే ఈ పేర్లు ఇంత వివరంగా రాశాను.

9. ఒక్క గులాబీతో మొదలుపెట్టండి.

ఏది పెట్టమంటారు అని సూటిగా అడిగితే నా జవాబు ఇది. మొదట మీ వీధిలోని నాటు గులాబీ. రెండోది పన్నీరు గులాబీ, దొరికితే. తెల్లది కావాలంటే ఐస్‌బర్గ్, గుత్తులుగా పూస్తుంది, ఎండను ఓర్చుకుంటుంది, వానల్లో కాస్త నల్లమచ్చ వస్తుంది, చలికి తేరుకుంటుంది. ముదురు ఎరుపు తప్పదంటే గ్రూస్ ఆన్ టెప్లిట్జ్, 1897 నాటిది, వాసన ఉంది, ఉత్తరాదిలో దండలకు పండిస్తారు. చిన్న గుత్తిపూల బటన్ రకాలు ఏవైనా పెద్ద పువ్వులకన్నా నయం. పువ్వు చిన్నదైతే మొక్కకు బరువు తక్కువ, ఒకటి వాడినా పది మిగులుతాయి.

నర్సరీ మొక్క తెస్తే దాని వేళ్ల చుట్టూ ఉన్న ఎర్రమట్టి ముద్దను చూసుకోండి. దూర ప్రయాణానికని బంకమన్ను గట్టిగా అదిమి కడతారు. అలాగే గుంతలో దింపితే ఎండకు ఇటుకలా బిగుస్తుంది, పోసిన నీళ్లు పక్కనుంచి పోతాయి, లోపల వేరు పొడిగానే చస్తుంది. గంటసేపు బకెట్ నీళ్లలో నానబెట్టి, పై పొర మెల్లగా కరిగించి, అప్పుడు నాటండి. గుంత రెండడుగులు, మొరం తగిలితే ఇంకా తవ్వండి. చెరువు మన్ను, పెంట కలిపి నింపండి. అంటు ముడి నేలపైన కనిపించాలి.

10. కొమ్మ అడిగితే కాలం చూసి ఇవ్వండి.

తొలకరి కుదురుకున్నాక గానీ, కార్తీకంలో గానీ, ఒకసారి పూసి వాడిన పెన్సిలు మందం కొమ్మ తీసుకోండి. జానెడు ముక్క, కిందికోత కన్ను దిగువన, పైకోత ఏటవాలుగా. పై రెండు ఆకులుంచి మిగతావి తుంచి, సగం దాకా ఇసుక కలిపిన మన్నులో గుచ్చి, నీడన పెట్టండి. వారానికే చిగురు కనిపిస్తే వేరు పట్టిందని పీకి చూడకండి, చిగురు కొమ్మలోని సత్తువతో కూడా వస్తుంది. రెండు నెలలు ఆగాలి. నాలుగు గుచ్చితే రెండు దక్కుతాయి. నాటు గులాబీ అయితే మూడు.

అత్తమ్మ మొక్క మా ఇంట్లో పోయినా, ఆమె చెల్లెలి ఇంట్లో పాలకుర్తిలో ఉంది. ఎప్పుడో మా ఇంటినుంచి వెళ్లిన కొమ్మే. అక్కడినుంచి తెచ్చి మళ్లీ నాటాను. ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్లలో అదే. కావలసినవాళ్లు రండి, కొమ్మ ఇస్తాను. ఎండాకాలంలో వచ్చి అడిగితే మాత్రం మజ్జిగ ఇచ్చి పంపిస్తాను, కొమ్మ ఇవ్వను.